ఊడ్పు వారం

చూడలేదా, చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడా?

ఆదివారం మధ్యాహ్నం నుంచి లక్ష్మణరావు తనను తాను ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు. ప్రశ్న చిన్నది. జవాబూ చిన్నదే అయి ఉండాలి. కానీ ఇరవై ఏళ్ళుగా తత్వగ్రంథాలు చదువుతున్న మనిషికి చిన్న జవాబు దగ్గర ఆగే అలవాటు ఎప్పుడో పోయింది. తెలియకపోవడం ఒక స్థితా, లేక మనిషి పూనుకుని చేసే పనా అని రెండు రోజులు తర్కించాడు. తర్కిస్తున్నంత సేపూ ఎదుటి వాటా తలుపు తట్టనక్కర్లేదన్న సంగతి మాత్రం అతనికి బాగానే తెలుసు.

మొదలైంది శనివారం.

జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో వాళ్ళుండే ఇంటికి మూడంతస్తులు, ఆరు వాటాలు. ఆ ప్రాంతపు ఆచారం ప్రకారం మెట్లు, గుమ్మం, పెరడు, చెత్తడబ్బాల చోటు ఊడ్చి కడిగే పని వారానికొక వాటావారిది. ఎవరి వంతో తెలియడానికి ఒక చెక్కపలక ఉంటుంది. తాడు కట్టిన ఆ పలక సోమవారం పొద్దున ఎవరి తలుపుకు వేలాడుతుందో ఆ వారం వాళ్ళది. దీన్ని జర్మన్లు కేర్‌వోఖె అంటారు. అతని భార్య బాలామణి ఊడ్పు వారం అని పేరు పెట్టింది. కరోనా మొదలయ్యాక నియమాలన్నీ వారానికోసారి మారాయి గాని ఆ పలక మాత్రం ఒక్క వారం కూడా తప్పలేదు.

ఆ వారమంతా లక్ష్మణరావుకు చిరాకుగానే గడిచింది. కార్ల అద్దాలు తుడిచే పరికరానికి వాన పడుతోందో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం అతని ఉద్యోగం. పడకగది మూల బల్ల దగ్గర కూర్చుని, పడని వానను పడుతున్నట్టు దానికి నమ్మబలుకుతూ అయిదు రోజులు గడిపాడు. గురువారం సాయంత్రం, వాళ్ళు అద్దెకు అడిగిన పన్నెండో ఇల్లు కూడా వేరేవాళ్ళకు ఇచ్చేశామని ఉత్తరం వచ్చింది. శుక్రవారం కూతురు గీతిక బడి నుంచి మళ్ళీ కరోనా పరీక్ష కిట్లు పంపారు. తొమ్మిదేళ్ళ పిల్ల ముక్కులో పుల్ల పెట్టడానికి ఇద్దరు పెద్దవాళ్ళు అరగంట పడ్డారు.

శనివారం పది గంటలకు చీపురు, బకెట్ పట్టుకుని మెట్లు దిగాడు. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా ఊడ్చాడు, తడిగుడ్డ పెట్టాడు, గుమ్మం ముందరి ఇనుప జల్లెడ ఎత్తి కింద ఇసుక తీశాడు. నేలంతస్తు వంటగది కిటికీలో జెరేనియం కుండీల నుంచి అప్పుడే పోసిన నీళ్ళు కారుతున్నాయి. ఆ చారలు కూడా తుడిచాడు. తరువాత పెరట్లోకి వెళ్ళాడు.

గోడ పక్కన, ఆపిల్ చెట్టుకు ఇవతల, పచ్చికలో రాళ్ళ ఇల్లు ఉంది.

మోకాలెత్తు కూడా లేదు. గులకరాళ్ళు ఒకదానిపై ఒకటి పేర్చి గోడలు లేపారు. రెండు గదులు, పక్కన తరువాత అతికించినట్టు ఇంకో చిన్న గది. పైకప్పుకు బల్లపరుపు రాయి. చుట్టూ పుల్లలతో కంచె, కంచెలోపల పొలంలాగా పరిచిన ఆకుపచ్చ ఉన్ని పోగులు. లక్ష్మణరావు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు. ఎవరు కట్టారన్న ప్రశ్న అతనికి రాలేదు. బాలామణే.

తిరుమలలో శ్రీవారి పాదాల దగ్గర ఇలాగే పేరుస్తారు. ఎన్ని రాళ్ళు నిలిస్తే అన్ని అంతస్తుల ఇల్లని ఆశ. కిందటి శరదృతువులో షోన్‌బుఖ్ అడవికి నడకకు వెళ్ళినప్పుడు, బాలామణి బాట పక్కన మూడు రాళ్ళు నిలబెట్టి కళ్ళు మూసుకుంది. ఇక్కడ ఇల్లిచ్చేది రాళ్ళు కావు, జీతం చీటీలని అతను అంటే, ఆ చీటీలు చూపించే కదా ఇన్నిసార్లు లేదనిపించుకున్నామంది. అడవిలో మూడు రాళ్ళంటే ఎవరూ చూడరు. ఇది ఆరు వాటాల కిటికీల కింద, అందరి పెరట్లో, పైగా తమ ఊడ్పు వారంలో.

అతను కోపంగా ఏమీ చేయలేదు. అదే ఇప్పుడు అతన్ని ఎక్కువగా బాధిస్తున్నది. పక్కనున్న చిన్న గదితో మొదలుపెట్టి, ఒక్కో రాయి తీసి, మట్టి దులిపి, బకెట్లో వేశాడు. రెండు బకెట్లయ్యాయి. గరాజుల వెనక కంకరగుట్ట మీద కుమ్మరించాడు. పుల్లలు ఆకుల చెత్తలో వేశాడు. పైకప్పు రాతి కింద ప్లాస్టిక్ తొడుగులో అగ్గిపెట్టెంత కాగితం ఉంది. ప్లాస్టిక్ ఒకచోట, కాగితం ఒకచోట వేయాలి కనుక తొడుగులోంచి కాగితాన్ని బయటికి లాగి, దాన్ని నీలం డబ్బాలోనూ, తొడుగును ప్లాస్టిక్ సంచిలోనూ వేశాడు. నలిగిన పచ్చికను చేత్తో లేపి సరిచేశాడు. వారమంతటిలో మొదటిసారి ఒక పని పూర్తయిందన్న తృప్తి కలిగింది.

భోజనం దగ్గర బాలామణి అడుగుతుందని ఎదురుచూశాడు. ఏం చెప్పాలో రెండు వాక్యాలు కూర్చుకుని ఉంచుకున్నాడు కూడా. ఆమె అడగలేదు. గీతిక చేత నాలుగు బెండకాయ ముక్కలైనా తినిపించే గొడవలో ఉంది.

ఆదివారం పన్నెండు గంటలకు పెరట్లో గజ్జెలు మోగాయి.

బాల్కనీలోకి వచ్చి చూస్తే, మోకాళ్ళ దాకా నల్లటి ఉన్ని కుచ్చులు వేలాడే అంగీ తొడుక్కున్న మనిషి పచ్చికలో నిలబడి ఉన్నాడు. ముఖానికి తెల్లటి అల్లిక ముసుగు. దానికి కళ్ళు, మీసం, నవ్వుతున్న నోరు కుట్టి ఉన్నాయి. ముసుగు కింద, గడ్డం దగ్గర, నిబంధనల ప్రకారం వేసుకోవలసిన తెల్ల మాస్కు. చేతిలో చిన్న కొరడా. చెట్టు కొమ్మల సందున ఫోను నిలబెట్టి ఉంది. అందులోంచి వేణువు, డోలు వినిపిస్తున్నాయి. ఎదురు వాటా సతుర్నీనో అని లక్ష్మణరావు నడక బట్టి గుర్తుపట్టాడు. వృద్ధాశ్రమంలో పని చేస్తాడు. పెరూ దేశంలో కూస్కో దగ్గర కొండల్లోంచి వచ్చాడు. రెండేళ్ళుగా మెట్ల మీద ఎదురుపడితే నమస్కారం తప్ప మాటల్లేవు.

సతుర్నీనో పాటకు అడుగు కలపబోతూ ఆగాడు. గోడ వైపు రెండడుగులు వేశాడు. ముసుగు నుదుటి మీదికి లేపి పచ్చికను చూశాడు. వంగి, అక్కడక్కడా చేత్తో తడిమాడు.

"దస్ హౌస్ ఇస్ట్ వెక్," అంది గీతిక బాల్కనీ ఊచలు పట్టుకుని. ఇల్లు లేదట.

బాలామణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అదేంటండీ, రాళ్ళేవి? నిన్న పొద్దున్న కూడా ఉన్నాయి కదా."

లక్ష్మణరావు, ఏ రాళ్ళని అడిగాడు. అడిగిన క్షణమే, తాను అడుగుతున్నది తెలుసుకోవడానికి కాదని అతనికి అర్థమైంది.

"గురువారం నుంచి కడుతున్నాడండీ పాపం. షిఫ్ట్ అయ్యాక వచ్చి రోజూ కాసేపు. మీరు కాల్స్‌లో ఉంటారు, మీకేం తెలుస్తుంది? మన గీతూ కూడా దాంట్లో ఓ గది కట్టించుకుంది. నేనూ ఓ రాయి పెట్టా. మీకు చెప్తే లెక్చర్ మొదలెడతారని చెప్పలేదు."

తరువాత ఆమె చెప్పినదంతా అతను ఊచ మీద చెయ్యి తియ్యకుండా విన్నాడు. పెరూలో అతని ఊరి వైపు మంచు కొండ కింద ఏటా జాతర జరుగుతుందట. గుడిలో బండ మీద వెలసిన క్రీస్తు ఉంటాడు. ఆయన వెలయక ముందు ఆ మంచు కొండే దేవుడు, ఇప్పుడూ దేవుడే. వేలమంది నడిచి వెళ్ళి ఆ లోయలో రాళ్ళతో చిన్న ఇళ్ళు కడతారు, దొంగ పత్రాలు రాసి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఏడాది తిరిగేలోగా ఆ ఇళ్ళు, ఆ పత్రాలు నిజమవుతాయని నమ్మకం. ఈ కుచ్చుల అంగీ వాళ్ళు సగం ఎలుగులు, సగం మనుషులు. కీచుగొంతుతో మాట్లాడతారు. జాతరలో తప్పు చేసినవాణ్ణి కొరడాతో అదిలించే అధికారం వాళ్ళది. ఎలుగు వేషం మొక్కుకుంటే మూడేళ్ళు కట్టాలి. సతుర్నీనో రెండేళ్ళు కట్టి ఇక్కడికి వచ్చాడు. మూడో ఏడు కరోనాతో జాతర ఆగిపోయింది. ఈ ఏడూ ఆగిపోయింది. ఎక్కడున్నవాళ్ళు అక్కడే కట్టుకోవచ్చని వాళ్ళ జట్టు పెద్ద ఫోన్లో ఒప్పుకున్నాడు. ఆదివారం మొదలు, మంగళవారం ఆఖరు.

"భార్యా, కూతురూ అక్కడే ఉండిపోయారు కదండీ. ఎంబసీలో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, మూడుసార్లు క్యాన్సిల్ అయింది. వాళ్ళు రావాలని ఆ ఇల్లు. వాళ్ళ ఫోటోలు పెట్టి వీసా కాగితం కూడా తయారుచేశాడు, ఇంతే ఉంది, మన గీతూనే రంగులేసింది," అని బాలామణి వేళ్ళతో కొలత చూపించింది.

అగ్గిపెట్టెంత.

కింద సతుర్నీనో లేచాడు. ముసుగు దించుకున్నాడు. ఖాళీ పచ్చిక ముందు నిలబడి నాట్యం మొదలుపెట్టాడు. ఫోనులోంచి ఎవరో ఏదో అడిగితే సన్నటి కీచుగొంతుతో బదులిచ్చాడు. అవతల జనం నవ్వారు. ఇల్లు లేని చోటు కనిపించకుండా అతను ఫోనును కాస్త పక్కకు తిప్పడం లక్ష్మణరావు చూశాడు.

"ఆ కిందావిడే తీసేసుంటుంది," అంది బాలామణి. "గురువారం గొణిగింది కదా. సోమవారం గడ్డి కోసేవాడొస్తాడు, రాళ్ళు బ్లేడుకి తగులుతాయని. ముసలావిడని ఏడాదికి పైగా మోస్తున్నాడు, కాస్తయినా కృతజ్ఞత ఉండక్కర్లేదా?"

కిందావిడంటే నేలంతస్తు ఫ్రౌ హేబర్లె. ఎనభై రెండేళ్ళ విధవరాలు. మొదటి లాక్‌డౌన్ నుంచీ ఆవిడకు కావలసిన సరుకులు ప్రతి సోమవారం సతుర్నీనోయే తెచ్చి సంచీ తలుపు పిడికి తగిలిస్తాడు.

లక్ష్మణరావు నోరు తెరిచాడు. "ఆవిడ కాకపోవచ్చు," అన్నాడు.

అబద్ధం కాదు. నిజానికి ఆ రోజు అక్కడ ఎవరు పలికిన మాటకన్నా నిజం. అందుకే ఆ మాట వెనక దాక్కోవడం అతనికి అంత సులువైంది.

సోమవారం ఇంటి వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు కున్‌ట్స్ దంపతులు రాశారు. ఒక మనిషి ప్రార్థన కోసం కట్టుకున్న దాన్ని తీసేయడం సిగ్గుచేటు, ఎవరు చేశారో అందరికీ తెలుసు, పేరు రాయం అని. పేరు రాయకపోవడం రాయడం కన్నా బాగా పనిచేసింది. కింద నాలుగు చేతులు, రెండు ఏడుపు ముఖాలు. గ్రూపులో లేనిది ఫ్రౌ హేబర్లె ఒక్కతే. ఆవిడ ఫోనుకు తీగ ఉంది.

పదకొండింటికి గడ్డి కోసేవాడు వచ్చి, ఇల్లున్న చోటు మీదుగా మెషీను నడిపించుకుని వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున చెక్కపలక మారాలి. తరువాతి వంతు ఎదురు వాటాది. లక్ష్మణరావు పలక తాడు పట్టుకుని రెండు తలుపుల మధ్య ఆ నాలుగడుగుల మేర నిలబడ్డాడు. సతుర్నీనో తలుపుకు అది తగిలించడమంటే, నా వారంలో జరగవలసినదంతా సక్రమంగా జరిగింది, ఇక నీది అని చెప్పడమే. తగిలించలేకపోయాడు. తిరిగి తన తలుపుకే వేలాడదీసి, ఆ పనికి కూడా విసుక్కున్నాడు. ఎవరి మీద విసుక్కున్నాడో తెలియలేదు. పది మందికి కనిపించే పెరట్లో మొక్కు కట్టుకున్నవాడి మీదా, చెప్పకుండా రాయి పెట్టిన భార్య మీదా, తీగ ఫోనున్న ముసలావిడ మీదా. తన మీద మాత్రం విసుగు రాలేదు. తన సంగతి ఇంకా విచారణలో ఉంది.

మధ్యాహ్నం చెత్త తీసుకుని కిందికి దిగినప్పుడు ఫ్రౌ హేబర్లె తలుపు పిడికి సంచీ వేలాడుతోంది. పాలు, రొట్టె, ఉల్లికాడలు. సతుర్నీనో ఎప్పటిలాగే తెచ్చాడు. ఆవిడ తీసుకోలేదు. నాలుగింటికి గుమ్మం తలుపు చప్పుడైతే కిటికీలోంచి చూశాడు. మాస్కు పెట్టుకుని, చక్రాల నడకబండి తోసుకుంటూ, ఆవిడ తానే అంగడికి బయలుదేరింది. పేవ్‌మెంటు అంచు దగ్గర బండి ఆగింది. ఆవిడ దాన్ని ఒక పక్క ఎత్తి, దించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ రెండో పక్క ఎత్తింది. ఆ వీధి దాటడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు, ఎందుకంటే అక్కడే నిలబడి చూశాడు.

సాయంత్రం బాలామణి డబ్బాలో కొబ్బరి లడ్డూలు సర్దుతోంది. ప్రతిసారీ నాలుగు కిందికి వెళ్ళేవి. ఈసారి పంపలేదు. "ఆవిడకి పెట్టబుద్ధి కావట్లేదండీ," అంది. తలుపు పిడికి సంచీ అప్పటికీ వేలాడుతూనే ఉంది. పాలు వేడెక్కిపోయి ఉంటాయి.

మంగళవారం మధ్యాహ్నం భోజన విరామంలో లక్ష్మణరావు ఒక ఉపాయంతో కిందికి దిగాడు. రాళ్ళు తెచ్చి, ఎవరూ లేనప్పుడు మళ్ళీ పేర్చేస్తే చాలు. తీసింది ఎవరో తెలియదు, పెట్టింది ఎవరో తెలియదు. జరిగినదీ, జరగనిదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నీతిశాస్త్రంలో దీన్ని ఎవరూ ఒప్పుకోరని తెలిసే, బకెట్ పట్టుకుని గరాజుల వెనక్కి వెళ్ళాడు.

కంకరగుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాక అర్థమైంది. అన్నీ ఒకే రంగు. ఒక రాయి తీస్తే ఇదే కాబోలు అనిపిస్తుంది. పక్కది తీసినా అదే అనిపిస్తుంది. గీతిక తన గదికి ఎంచుకున్న రాయి ఏది? బాలామణి పెట్టింది ఏది? ఆ మనిషి తన కొండ నుంచి తెచ్చుకున్నది ఏదైనా ఇందులో ఉందా? ఒక్కో రాయినీ చేతిలోకి తీసుకుని, మట్టి దులిపి మరీ బకెట్లో వేసినవాడికి ఒక్కటీ గుర్తు లేదు.

పైకప్పు బల్లపరుపు రాయి మాత్రం దొరికింది. దాన్ని పక్కన పెట్టి, నీలం డబ్బా దగ్గరికి వెళ్ళాడు. బుధవారం గాని దాన్ని ఖాళీ చేయరు. చేయి భుజం దాకా దించి, అట్టపెట్టెల మధ్య, దినపత్రికల మధ్య వెతికాడు. అడుగున, ఒక పిజ్జా పెట్టెకు అంటుకుని ఉంది. రంగు పెన్సిళ్ళతో గీసిన జర్మనీ గద్ద చిహ్నం, గుండ్రటి ముద్ర, రెండు చిన్న ఫోటోలు. టోపీ పెట్టుకున్న స్త్రీ, ముందు పళ్ళు ఊడిన ఆడపిల్ల.

ఈ ముఖాలు అతను ఇంతకు ముందే చూశాడు. శనివారం, తొడుగులోంచి కాగితం లాగినప్పుడు. ఆ స్త్రీ బాలామణి కాదు. ఆ పిల్ల గీతిక కాదు. అది అప్పుడే తెలిసింది. తెలిసీ, ఏ డబ్బాలో ఏది వెయ్యాలా అని మాత్రమే ఆలోచించాడు. బకెట్ సగం నిండి ఉంది, పని సగమయింది, ఆగాలంటే మళ్ళీ పేర్చాలి. అంతే. మూడు రోజుల విచారణ అగ్గిపెట్టెంత కాగితంతో తేలిపోయింది.

"దొరికిందా?"

ఫ్రౌ హేబర్లె. నడకబండి బుట్టలో కూరగాయల తొక్కల సంచీ. మాస్కు పైన కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. లక్ష్మణరావు లేచి, దూరం పాటించి, సంచీ అందుకుని తొక్కల డబ్బాలో వేశాడు.

"నా కిటికీ అటే కదా," అంది ఆవిడ. "శనివారం పూలకు నీళ్ళు పోస్తున్నాను. రెండు బకెట్లు."

అతను తల వంచుకున్నాడు. అందరూ మిమ్మల్ని అనుకుంటున్నారు, తెలుసా అని అడిగాడు చివరికి.

తెలుసంది. కున్‌ట్స్ గారి భార్య మెట్ల మీద ముఖం తిప్పుకుంది. పైనుంచి లడ్డూలు రాలేదు. ఆ అబ్బాయి సంచీ తెచ్చాడు గాని గంట కొట్టకుండా వెళ్ళిపోయాడు. ఎప్పుడూ గంట కొట్టి, రెండు మెట్లు వెనక్కి దిగి, కాలు నొప్పి ఎలా ఉందని అడిగేవాడు.

"మరి మీరెందుకు చెప్పలేదు?" లక్ష్మణరావు గొంతులో అనుకోకుండా చిరాకు పలికింది, తప్పు ఆవిడది అయినట్టు.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "నేనా? వారం మీది కదా. పలక ఇంకా మీ తలుపుకే ఉంది, నిన్న మెట్ల కింది నుంచి తల ఎత్తి చూశాను. చెప్పేదాకా మార్చరు కాబోలు, మంచి మనిషి అనుకున్నాను."

బండి తిప్పుకుంది. రెండడుగులు వేసి ఆగి, నీలం డబ్బా మూత తెరిచే ఉందని గుర్తుచేసి వెళ్ళిపోయింది.

లక్ష్మణరావు మూత వేశాడు. మంచి మనిషి. ఆవిడ ఎత్తిపొడవలేదు, నిజంగానే అనుకుంది. పలకను పట్టుకుని నాలుగడుగులు దాటలేక నిలబడ్డ పిరికితనాన్ని, ఒక ముసలామె తన తలుపు వెనక కూర్చుని రెండు రోజులు నిజాయితీగా చదువుకుంది. ఆ అర్థాన్ని నిజం చేయవచ్చు. లేదా అబద్ధం చేయవచ్చు. మూడో దారి కోసం వెతకడం తన అలవాటని అతనికి తెలుసు, వెతికితే దొరుకుతుందని కూడా తెలుసు.

వెతకలేదు. అక్కడే, చెత్తడబ్బాల దగ్గర నిలబడి ఫోను తీశాడు. జర్మన్ తప్పులు దిద్దడానికి గీతికను పిలవలేదు. రాళ్ళు తీసింది నేను, శనివారం, ఫ్రౌ హేబర్లెకు ఏ సంబంధం లేదు, లక్ష్మణరావు, రెండో అంతస్తు, అని రాసి పంపించాడు. బాలామణి కూడా ఆ గ్రూపులో ఉందని పంపాక గుర్తొచ్చింది. ఉండనీ. ఆమె ఏమంటుందో అనుకుని తయారుచేసుకున్న రెండు వాక్యాలు ఇప్పుడు దేనికీ పనికిరావు.

సాయంత్రానికి జాతర ముగుస్తుంది. రెండున్నర అయింది. అరగంటలో మీటింగ్, పడని వాన కోసం ఎవరో ఎదురుచూస్తారు, చూడనీ.

ఒక చేతిలో ఖాళీ బకెట్, దానిలో బల్లపరుపు రాయి. ఇంకో చేతిలో, నలగకుండా రెండు వేళ్ళ మధ్య కాగితం. మెట్లెక్కాడు. నేలంతస్తు తలుపు పిడికి సంచీ లేదు. తీసుకుందో, తీసేశారో తెలియదు. మొదటి మలుపులో ఫోను మోగింది, రెండో మలుపులో మళ్ళీ మోగింది. చూడలేదు. తన తలుపు దగ్గర పలకను దాటి ఎదుటి తలుపు ముందు నిలబడ్డాడు. లోపల వేణువు వినిపిస్తోంది. గంట నొక్కి, సతుర్నీనో అలవాటు ప్రకారమే రెండు మెట్లు కిందికి దిగి నిలబడ్డాడు. గజ్జెలు దగ్గరికి వచ్చాయి. ఆ గుట్టలో ఏ రాయి ఏదో చెప్పగలిగినవాడు ఈ ఇంటిలో ఒక్కడే, అతను కిందికి రావాలి, రమ్మని అడగాలంటే ముందు ఆ మాట చెప్పాలి.

తలుపు తెరుచుకోక ముందే చెప్పడం మొదలుపెట్టాడు.